టెక్ సందేహాలు: మన బండి ఫొటోతో వేరేవాళ్లు బయానా తీసుకుంటుంటే...

ప్రశ్న: హనుమకొండలో మాకు చిన్న ఆటో కన్సల్టెన్సీ ఉంది. కార్ల ఫొటోలు ఆన్‌లైన్‌లో రెండు మూడు చోట్ల పెట్టి అమ్ముతుంటాం. ఈ మధ్య జనగామ నుంచి ఒకాయన వచ్చి బండి చూసుకుని, టెస్ట్ డ్రైవ్ చేసి, కాసేపటికి "డబ్బులు పంపేశాను, తాళాలు ఇవ్వండి" అన్నాడు. మేం చెప్పిన రేటు కంటే లక్షకు పైగా తక్కువకు ఎవరితోనో బేరం కుదుర్చుకున్నాడట. మాకు ఒక్క రూపాయి రాలేదు. అంతకు ముందు రోజు ఎవరో ఫోన్ చేసి, "మా బావమరిది వస్తాడు, బండి చూపించండి, రేటు మాత్రం నాతోనే మాట్లాడండి" అన్నారు. ఇక ఆన్‌లైన్‌లో పెట్టడం మానేయాలా?

జవాబు: మానేయొద్దు. భూపాలపల్లిలోనో మంచిర్యాలలోనో ఉన్నవాళ్లకు మీ యార్డులో ఏ బండి ఉందో తెలిసేది దాని వల్లే. కాకపోతే ఈ మోసం ఎలా నడుస్తుందో మీకూ మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకూ బాగా తెలిసి ఉండాలి.

మోసగాడు మీ ప్రకటనలోని ఫొటోలు దించుకుని, తన నంబర్‌తో, బాగా తక్కువ రేటుకు మళ్లీ పెడతాడు. కొనేవాళ్లు ఫోన్ చేస్తే "బండి నాదే, ఫలానా యార్డులో పెట్టాను. వాళ్లకు కమీషన్ ఇవ్వడం ఇష్టం లేదు, అక్కడ రేటు సంగతి ఎత్తకండి" అంటాడు. మీకేమో బావమరిది కథ చెబుతాడు. ఇక్కడ బండి నిజం, యార్డు నిజం, ఆర్సీ నిజం. అందుకే కొనేవాడికి అనుమానం రాదు. మీరిద్దరూ బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు, టైర్లు చూస్తారు, సర్వీస్ రికార్డు చూస్తారు. డబ్బు మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు. వాడికి కావాల్సింది అదే.

కాబట్టి బండి చూడటానికి ఎవరొచ్చినా, ఎవరి మనిషినని చెప్పినా, తాళం చేతికివ్వక ముందే మూడు మాటలు అడగండి: మీకు రేటెంత చెప్పారు, ఎవరు చెప్పారు, ఏ నంబర్ నుంచి మాట్లాడారు? మొహమాటపడొద్దు. "రేటు మాట్లాడకండి" అని ఎవరైనా ముందుగా ఫోన్ చేస్తే, వచ్చినవాళ్లతో మొదట మాట్లాడాల్సింది రేటే. ప్రకటనలో కూడా తెలుగులో స్పష్టంగా రాయండి: "రేటు, బయానా మా యార్డులోనే. మా తరఫున బయట ఎవరూ డబ్బు తీసుకోరు." ఇదే మాట, మీ బ్యాంకు ఖాతా ఏ పేరు మీద ఉందో ఆ పేరుతో సహా, ఆఫీసులో బోర్డు మీద రాయించండి.

ఫొటోల విషయానికొస్తే, మూలన చిన్నగా వేసిన వాటర్‌మార్క్ వల్ల లాభం లేదు. దాన్ని కత్తిరించడం క్షణాల పని. ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్ల దగ్గర నంబర్ ప్లేట్ సైజులో మీ కన్సల్టెన్సీ పేరు, ఫోన్ నంబర్ వేయించి, ముందూ వెనకా ప్లేట్ల మీద పెట్టి ఫొటోలు తీయండి. ఏపీ 36 అయినా, టీఎస్ 03 అయినా, టీజీ 03 అయినా అసలు నంబర్ కనపడదు, మీ పేరు మాత్రం బండితో పాటే వెళ్తుంది. కొనేవాళ్లు చలాన్లు చూసుకోవడానికి నంబర్ అడగడం న్యాయమే. ఫోన్లో మాట్లాడి, నిజంగా కొనేలా ఉన్నారనిపిస్తే అప్పుడు చెప్పండి. ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితం, చాసిస్ నంబర్ ఫొటోలు మాత్రం ప్రకటనలో ఎప్పుడూ పెట్టొద్దు. ఆర్సీ, ఇన్సూరెన్స్ మీద మీకు బండి అమ్మిన ఓనర్ వివరాలు ఉంటాయి. వాటిని చూపించే మోసగాడు తానే ఓనర్‌నని నమ్మిస్తాడు. ఒక ఫొటో ఆన్‌లైన్‌లో ఇంకెక్కడ ఉందో వెతికే గూగుల్ లెన్స్‌లో వారానికోసారి మీ ఫొటోలను వేసి చూడండి. అన్నీ దొరకకపోవచ్చు గానీ, దొరికినవాటిని స్క్రీన్‌షాట్ తీసి ఆ సైట్‌కు రిపోర్ట్ చేయండి.

మీ లైసెన్సు సంగతి కూడా చూసుకోండి. పాత వాహనాలు కొని అమ్మే డీలర్లు ఆర్టీఏ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధన ఉంది. ఓనర్ బండిని మీకు అప్పగించిన విషయాన్ని ఫారం 29సీ ద్వారా ఆర్టీఏకు తెలియజేయాలి. సర్టిఫికెట్ ఉంటే ఆ మాట ప్రకటనలో రాయండి. కొనేవాళ్లకు నకిలీ ప్రకటనకూ మీ ప్రకటనకూ తేడా తెలుస్తుంది.

ఇక ఆ జనగామ ఆయనతో గొడవపడకండి. నష్టపోయింది ఆయనే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. అది ఇంకో ఖాతాకు మళ్లకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. మీకు ఫోన్ చేసిన నంబర్, కాల్ వచ్చిన సమయం ఆయనకు రాసివ్వండి. ఫిర్యాదులో అవి ఉంటే మీకూ రక్షణే.

ప్రశ్న: కరీంనగర్‌లో కార్లు అమ్ముతాం. ఒక బండి డబ్బులు కొన్నవాడి ఖాతా నుంచి కాకుండా వేరే రాష్ట్రంలోని ఎవరి ఖాతా నుంచో వచ్చాయి. స్నేహితుడు పంపాడన్నాడు. వారం తర్వాత మా కరెంట్ అకౌంట్‌లో డబ్బు ఆపేశారు. తప్పు చేయకుండానే ఈ టెన్షన్ ఏంటి?

జవాబు: మీ కోపం అర్థమవుతోంది. ఎవరో సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకుని 1930కి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో చూసుకుంటూ దారిలో ఉన్న బ్యాంకులన్నిటికీ సమాచారం వెళ్తుంది. దొంగ ఆ డబ్బుతో మీ దగ్గర కారు కొంటే, దారి మీ ఖాతా దగ్గర ఆగుతుంది. బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబర్, ఏ పోలీసు స్టేషనో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అమ్మకం ఒప్పందం, ఆర్సీ పేరు మార్పిడికి ఇచ్చిన ఫారం 29, 30 కాపీలు, కొన్నవాడి గుర్తింపు కార్డు, డెలివరీ రోజు ఫొటో, అతనితో వాట్సాప్‌లో మాట్లాడినవి, అన్నీ జతచేసి ఆ దర్యాప్తు అధికారికి పంపండి.

ఇకముందు ఆర్సీ ఎవరి పేరుకు మారుతుందో ఆ పేరున్న ఖాతా నుంచే డబ్బు తీసుకోండి. నిజంగా అన్నో నాన్నో ఇస్తున్నారంటే, వాళ్ల గుర్తింపు కార్డు, సంతకంతో చిన్న లేఖ తీసుకోండి. స్క్రీన్‌షాట్ చూసి తాళాలు ఇవ్వొద్దు. మీ బ్యాంకు యాప్‌లో జమ కనపడాలి. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ ఇప్పుడు రాత్రీ పగలూ, ఆదివారం కూడా పనిచేస్తాయి కాబట్టి "రేపు పడతాయి" అన్న మాటకు లొంగకండి. నగదైతే ఒక అమ్మకానికి 2 లక్షలు లేదా అంతకు మించి తీసుకోవడం 2017 ఏప్రిల్ నుంచి చట్టవిరుద్ధం. సైనికుడినని ఐడీ కార్డు పంపి, "బయానా పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అనేవాళ్లు ఇంకా తిరుగుతున్నారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

ప్రశ్న: మా షాపు వాట్సాప్‌కు "ఆర్టీఓ చలాన్" అని ఒక ఫైల్ వచ్చింది. ఏదో బండి చలానేమో అనుకుని మా అబ్బాయి నొక్కాడు. ఏం చేయాలి? (మంచిర్యాల)

జవాబు: ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే అది చలాన్ కాదు, మీ ఎస్‌ఎంఎస్‌లు చదివి ఓటీపీలు లాగే యాప్. రోజూ చలాన్లతో పని కాబట్టి మీలాంటివాళ్లు తొందరగా నొక్కేస్తారు. ఇన్‌స్టాల్ అయి ఉంటే వెంటనే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే 1930కి ఫోన్ చేయండి. ముఖ్యమైనవి కాపీ చేసుకుని ఫోన్‌ను రీసెట్ చేయడమే మంచిది. తర్వాత వాట్సాప్ బిజినెస్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివి తీసేయండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. చలాన్లు తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబర్ కొట్టి మీరే చూసుకోండి.

ప్రశ్న: అమ్మే ముందు కారులోని టచ్ స్క్రీన్‌లో ఏమైనా తీసేయాలా? (కాజీపేట)

జవాబు: తప్పకుండా. పాత ఓనర్ ఫోన్‌బుక్, కాల్ లిస్ట్, ఇంటి లొకేషన్ అందులో ఉంటాయి. సెట్టింగ్స్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే లోపలి ఫొటోలు తీయండి. కంపెనీ యాప్‌తో పనిచేసే కారైతే పాత ఓనర్ తన ఖాతా నుంచి ఆ బండిని తొలగించాలి. లేదంటే కొన్నవాళ్లు ఎక్కడ తిరుగుతున్నారో ఆయన ఫోన్‌లో కనపడుతూనే ఉంటుంది. పాత ఫాస్టాగ్‌ను కూడా ఆయనతోనే బ్యాంకులో క్లోజ్ చేయించండి. అది అలాగే ఉంటే కొత్త ఓనర్ కట్టాల్సిన టోల్ పాత ఓనర్ ఖాతా నుంచి పోతుంది.