పెనం చూసి కూర్చోండి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఎరువుల కంపెనీలో ఉద్యోగం కావడంతో నెలలో సగం రోజులు నాకు జంగారెడ్డిగూడెం, నర్సీపట్నం, తుని, సత్తుపల్లి వంటి ఊళ్లలోనే గడుస్తాయి. రాత్రిపూట అన్నం బరువనిపించి ఆమ్లెట్‌తో సరిపెట్టుకుంటాను. ఒకచోట మెత్తగా, కమ్మగా ఉన్న ఆమ్లెట్ మరోచోట తోలుముక్కలా సాగుతోంది. కొత్త ఊళ్లో మంచి ఆమ్లెట్ ఎక్కడ దొరుకుతుందో తినకముందే గుర్తుపట్టే ఉపాయం ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది. మెనూ కార్డు ఎంత లావుగా ఉంటే ఆ హోటల్లో ఆమ్లెట్ మీద అంత తక్కువ ఆశ పెట్టుకోండి. బిర్యానీ, నూడుల్స్, తందూరీ అన్నీ వండే రెస్టారెంటులో ఆమ్లెట్ ఎవరి పనీ కాదు. చేతిలో పనిలేని వంటవాడు ఎవరైతే వాడు, ఏ పెనం ఖాళీగా ఉంటే దానిమీద వేసి పంపిస్తాడు. అది వంటగది దాటి మీ బల్ల దగ్గరికి వచ్చేలోపు చల్లారిపోతుంది. చల్లారిన ఆమ్లెట్‌లో ఉల్లిపాయ రుచి వెనక్కి తగ్గి నీచువాసన పైకి తేలుతుంది.

సాయంత్రం ఆరు దాటాక బస్టాండు ఎదుటనో, సినిమా హాలు సందులోనో, దాచడం ఎందుకు, మద్యం దుకాణం పక్కనో వెలిసే బండి సంగతి వేరు. దానిమీద గుడ్లు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఒక బ్రెడ్డు పొట్లం తప్ప మరో సరుకు ఉండదు. 30 గుడ్ల ట్రేలు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ చేసే ఆ మనిషి చేతికి ఏ క్షణంలో తిరగెయ్యాలో, ఏ క్షణంలో దించాలో ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే బండ్లన్నీ మంచివని నా ఉద్దేశం కాదు. కూర్చునే ముందు రెండు నిమిషాలు నిలబడి చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదట గుడ్డు సంగతి. పెంకుకు కంటికి కనిపించని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ వాటిగుండా లోపలి తేమ, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతాయి, తెల్లసొనలో క్షారగుణం పెరిగి అది నీళ్లలా పలచబడుతుంది. గిలక్కొట్టిన గుడ్డులో ఈ తేడా కనిపించదు కాబట్టి, మీ పక్కన నిలబడిన వారెవరైనా హాఫ్ బాయిల్ (గిలక్కొట్టకుండా నేరుగా పెనం మీద కొట్టి వేసే గుడ్డు) చెప్పేదాకా ఓపిక పట్టి పెనం వైపు తొంగిచూడండి. తాజా గుడ్డయితే తెల్లసొన పచ్చసొనను చుట్టుకుని గట్టుకట్టినట్టు నిలబడుతుంది. పాతదైతే కొట్టీ కొట్టగానే నాలుగు వైపులా పారిపోతుంది. ఖర్చులేని ఈ పరీక్షను నేను చాలా ఊళ్లలో చేశాను, ఒకటి రెండు చోట్ల ఆకలి చంపుకుని వెనుదిరిగాను కూడా.

తర్వాత గిలక్కొట్టే తీరు. మీరు చెప్పాకనే గుడ్డు స్టీలు గ్లాసులో పడాలి, అందులోనే ఉల్లితరుగు, మిరపముక్కలు, ఉప్పు, చిటికెడు పసుపు పడాలి, చెంచా టకటకమని మోగాలి. ముందుగానే డజను గుడ్లు కొట్టి జగ్గులో పోసి ఉంచుకున్న చోట తినవద్దు. పగిలిన గుడ్డు వేసవి వేడిలో సూక్ష్మజీవులకు విందు భోజనం. ఒక్క గుడ్డు చెడిందంటే జగ్గంతా చెడినట్టే. పైగా అన్నీ ముందే కలిపి ఉంచితే ఉప్పు తగిలిన ఉల్లితరుగు నీరు వదులుతుంది. ఆ నీరు పెనం మీద చిటపటలాడుతూ ఆవిరయ్యేలోపు గుడ్డు ఉడికినట్టే ఉంటుంది కానీ వేగదు.

ఇక తోలుముక్క సంగతి. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, పచ్చసొన 65 నుంచి 70 డిగ్రీల మధ్య చిక్కబడుతుంది. పొగలు కక్కే ఇనుప పెనం వేడి అంతకు రెండు మూడు రెట్లు ఉంటుంది కనుక ఆమ్లెట్ వ్యవహారమంతా క్షణాల్లో తేలిపోతుంది. అవసరానికి మించి ఉంచితే గుడ్డులోని మాంసకృత్తులు బిగుసుకుని తమలోని నీటిని బయటికి పిండేస్తాయి, మిగిలేది రబ్బరు. ఒకే మనిషి ఆమ్లెట్లు వేస్తూ, పార్సిళ్లు కడుతూ, డబ్బులు తీసుకుంటూ ఉన్నాడంటే మీ ఆమ్లెట్ మాడే అవకాశం ఎక్కువ. చిల్లర లెక్కబెట్టడానికి పక్కన ఇంకొకరు, చాలాచోట్ల ఆయన భార్యో కొడుకో, ఉన్న బండిని వెతకండి.

మీరు తిరిగే ప్రాంతానికి ఒక అదృష్టం కూడా ఉంది. తణుకు, అనపర్తి పరిసరాల్లో కోళ్ల ఫారాలు దట్టంగా ఉన్నందువల్ల గోదావరి జిల్లాల ఊళ్లకు గుడ్డు దూరప్రయాణం చేయకుండానే చేరుతుంది. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ 100 గుడ్ల లెక్కన రోజూ ప్రకటించే ధరల్లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలకు విడివిడిగా చోటుంది. ఆ ధర ఎగబాకిన రోజుల్లో ఆమ్లెట్ ధర పెంచడానికి మొహమాటపడే బండివారు కొందరు ఉల్లితరుగు పెంచి పరిమాణం నిలబెడతారు. రెండు గుడ్లు చెప్పినా ఆమ్లెట్‌లో ఉల్లిపాయే ఎక్కువగా పంటికి తగిలితే మార్కెట్టు ధర పెరిగిందని అర్థం చేసుకోవచ్చు.

బండి నియమానికి ఒక్క మినహాయింపు మధ్యాహ్నపు మెస్సు. భోజనంతోపాటు అదనంగా చెప్పే ఆమ్లెట్ అక్కడ పలచగా, కాస్త గట్టిగానే ఉంటుంది, ఉండాలి కూడా. పప్పుచారు అన్నంలో నంజుకోవడానికి మెత్తని ఆమ్లెట్ పనికిరాదు.

ప్రశ్న: మా ఊళ్లోని మిలటరీ హోటల్లో నాటుకోడి గుడ్డు ఆమ్లెట్ అని చెప్పి మామూలు ఆమ్లెట్‌కు రెట్టింపు ధర తీసుకుంటున్నారు. గుడ్డు పెంకు గోధుమరంగులో ఉందని చూపిస్తున్నారు. నమ్మవచ్చునా?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: పెంకు రంగును బట్టి మాత్రం నమ్మవద్దు. అది కోడి జాతిని బట్టి వచ్చే రంగు. గోధుమరంగు గుడ్లు పెట్టే కోళ్లు ఫారాల్లోనూ ఉన్నాయి. పచ్చసొన ముదురు రంగు కోడి తిన్న మేతను బట్టి వస్తుంది, మేత మార్చి ఆ రంగును తెప్పించవచ్చు. వీటికంటే పరిమాణం మెరుగైన ఆనవాలు. ఫారం గుడ్డు సాధారణంగా 50 గ్రాములకు పైన తూగుతుంది, నాటుకోడి గుడ్డు దానికంటే చిన్నది. గుడ్లు ఒకే అచ్చులో పోసినట్టు పెద్దవిగా, సమానంగా కనిపిస్తే అనుమానించండి. ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలంటే, ఉల్లిపాయ, కారం, కొత్తిమీర పడ్డ ఆమ్లెట్‌లో ఈ రెండు గుడ్ల తేడాను నా నాలుక ఎన్నడూ పట్టుకోలేకపోయింది. నాటుగుడ్డు మీద అంత మక్కువ ఉంటే ఉడకబెట్టుకుని తినండి. అక్కడ పచ్చసొన రుచి తెలుస్తుంది.

ప్రశ్న: బండి మీద ఆమ్లెట్ అంచులు జల్లెడలా చిల్లులుపడి కరకరలాడతాయి. ఇంట్లో నాన్‌స్టిక్ పెనం మీద ఎంత ప్రయత్నించినా రావడం లేదు. కారణం ఏమిటి?
– ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: నూనె, వేడి, ఎత్తు. బాగా కాగిన నూనెలోకి గుడ్డును జానెడు ఎత్తునుంచి పోసినప్పుడు అంచుల్లోని నీరు ఒక్కసారిగా ఆవిరై పొంగుతుంది, ఆ బుడగలు పగిలేలోపే చుట్టూ ఉన్న గుడ్డు గట్టిపడి చిల్లులు మిగులుతాయి. మీరు రెండు చుక్కల నూనెతో సన్నని సెగమీద వేస్తున్నారని ఊహిస్తున్నాను. నాన్‌స్టిక్ పెనాన్ని పొగలు వచ్చేదాకా కాల్చడం దాని పూతకూ, మీ ఆరోగ్యానికీ మంచిది కాదు గనుక ఇంట్లో అట్లు పోసే ఇనుప పెనం తీయండి. అడుగంటుతుందని భయపడితే ముందు సగం కోసిన ఉల్లిపాయతో నూనె రుద్దండి. రెండు గుడ్లకు రెండు చెంచాల నూనె అవసరం, బండివారు పోసేది ఇంకా ఎక్కువే. అందుకే రోజూ తినే ఆమ్లెట్‌కు మీ ఇంటి పద్ధతే మేలని మీ అమ్మగారు అంటే వాదించకండి.

ప్రశ్న: ఉల్లిపాయ తక్కువ, మిరియాలు ఎక్కువ, ఒకవైపే కాల్చాలి అంటూ వంటవానికి సూచనలు ఇవ్వడం మర్యాదేనా?
– ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, మదనపల్లె

జవాబు: రద్దీ లేనప్పుడు నిరభ్యంతరంగా చెప్పవచ్చు, కారం మాటా మిరియాల మాటా గుడ్డు గ్లాసులో పడకముందే చెప్పాలి. ఒకవైపే కాల్చమనడం మాత్రం గుడ్డు తాజాదని తెలిసినచోటనే అడగండి, పైన సొన కదలకుండా గట్టిపడిందో లేదో చూసుకోండి. కొత్తచోట మొదటి ఆమ్లెట్‌ను ఆయన పద్ధతిలోనే వేయనిచ్చి, రెండోదానికి మీ షరతులు చెప్పడం నా అలవాటు. మొదటిది బాగుండి రెండోదానికి షరతులే గుర్తురాని రోజులు కూడా ఉన్నాయి.