64 ఎందుకు తీసేశావ్?

బాబూ,

నీ కథ అంది పది రోజులైంది. మొదటిసారి చదివి కోపమొచ్చి పక్కన పెట్టాను. మొన్న మంచు పడి ఎటూ కదలడానికి లేక మళ్లీ తీశాను, ఈసారి ఇంకాస్త ఎక్కువ కోపమొచ్చింది, అందుకే రాస్తున్నాను. కోపం తెప్పించని కథలకు "బాగుంది, రాస్తూ ఉండు" అని రెండు ముక్కలు కొట్టి పంపేస్తాను, కాబట్టి ఇది నీకు మంచి వార్తే అనుకో. అన్నట్టు నన్ను మేడమ్ అనకు, ఆంటీ అను చాలు.

ఆఫీసు క్యాంటీన్లో నలుగురు లంచ్ తింటూ ఒక ఐస్ హాకీ గోలీ, అంటే గోల్ కాసేవాడి, కాంట్రాక్టు గురించి అరుచుకుంటూ ఉంటారు. కథంతా ఆ అరుపులే. బాగానే ఉంది. కానీ ఏ గోలీ? "ఒక ప్రసిద్ధ ద్వారరక్షకుడు" అన్నావ్. చదవగానే నాకు వైకుంఠం గుమ్మంలో జయవిజయులు కనిపించారు. ఏ టీమ్? "నగరానికి చెందిన పేరున్న జట్టు". ఎంత డబ్బు? "కళ్లు చెదిరే మొత్తం". ఏమయ్యా, నువ్వుండేది బోస్టన్లో, కథ జరిగేది 2024 సెప్టెంబరు ఆఖర్లో. ఆ రోజుల్లో ఆ ఊళ్లో నలుగురు కూర్చుని అరుచుకున్న గోలీ జెరెమీ స్వేమన్ ఒక్కడే, టీమ్ బ్రూయిన్స్. ఈ రాష్ట్రంలో ముప్పై అయిదేళ్లుగా ఉంటున్న నాకు ఆ సంగతి తెలియదనుకున్నావా, లేక గుంటూరులో చదివేవాడికి తెలియకూడదనుకున్నావా? గోలీ అంటే మనవాళ్లు గోలీసోడా అనుకుంటారని భయమైతే అనుకోనీ, రెండో పేజీకల్లా వాళ్లకే అర్థమవుతుంది.

కథ అందరికీ చెందాలని పేర్లూ అంకెలూ తీసేశానని నీ ఉత్తరంలో రాశావు. ఇది నీ సొంత తెలివి కాదని నాకు తెలుసు. మన పత్రికల్లో ఈ జబ్బు పాతదే. ఎప్పుడో 1994లో నేనొక కథ పంపాను. నాకు జీతం పెంచిన రోజు గురించి. అప్పుడు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కోబాల్ ప్రోగ్రాములు రాసేదాన్ని. మా మేనేజర్ మాటల్లేకుండా డెస్కు మీది క్యాలిక్యులేటర్లో ఏదో నొక్కి దాన్ని నా వైపు తిప్పాడు. 2.75 అని ఉంది. నేను థాంక్యూ అన్నాను. అంతే, అదీ నేను చేసిన బేరం. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే ఆ చుక్క తర్వాతి 75 మీద నాకు ఎక్కడలేని ఏడుపొచ్చింది, దాని గురించే కథ. పత్రికలో అచ్చయి వచ్చాక చూస్తే "స్వల్పమైన పెంపు" అని ఉంది! క్యాలిక్యులేటర్ లేదు, 2.75 లేదు. ఇండియాకి ట్రంక్ కాల్ చేసినంత ఖర్చు పెట్టుకుని ఫోన్ చేస్తే ఆ సంపాదకుడు, ఆయన పేరు ఇప్పుడెందుకులే, "అమ్మా, సాహిత్యంలో పర్సెంటేజీలు బాగుండవు" అన్నాడు. ఆయనే సంక్రాంతి ప్రత్యేక సంచికకి ప్రకటనల రేట్లు మాత్రం అంగుళాల్లో, రూపాయల్లో చెప్పేవాడు.

సరే, నీ కథకొద్దాం. నువ్వు తీసేసిన ఆ అంకె ఏమిటో తెలుసా? కథ మొత్తం అదే. సెప్టెంబరు 30న బ్రూయిన్స్ ప్రెస్ మీట్ పెట్టారు. టీమ్ ప్రెసిడెంట్ క్యామ్ నీలీని, కాంట్రాక్టు మీద సంతకం పెట్టకుండా ఆగిన స్వేమన్ గురించి అడిగితే అతనెంత అడుగుతున్నాడో నేను చెప్పను అంటూనే, నేనైతే ఇప్పటికే ఆడుతూ ఉండటానికి 64 మిలియన్ కారణాలున్నాయి అనేశాడు. మన లెక్కలో 6 కోట్ల 40 లక్షల డాలర్లు. చెప్పనంటూనే చెప్పడం చూశావా, మన పెళ్లిసంబంధాల్లో మధ్యవర్తులు చేసే పని! ఆ వెంటనే స్వేమన్ ఏజెంట్ లూయిస్ గ్రాస్, ఈ ప్రెస్ మీట్ దాకా 64 అనే మాట మా చెవిన పడనే లేదు అని ప్రకటన ఇచ్చాడు. ఇక ఊరంతా రెండు ముక్కలైపోయింది. అప్పటిదాకా "డబ్బు పిచ్చి కుర్రాడు" అన్నవాళ్లలో కొందరు "ఇదేం పద్ధతి, ఇంటి గుట్టు వీధిలో పెడతారా" అన్నారు, కుర్రాడి పక్షాన ఉన్నవాళ్లలో కొందరు "64 వద్దంటాడా, వీడికి పొగరు" అన్నారు. ఒక్క అంకెకి మనుషులు పక్షాలు మారిపోయారు. అదీ కథంటే. నీ దగ్గర అది "కళ్లు చెదిరే మొత్తం" అయ్యేసరికి ఎవరి కళ్లూ చెదరలేదు, నావైతే మూతలు పడ్డాయి.

ఆరు రోజులు తిరక్కుండానే అక్టోబరు 6న బేరం తెగింది. ఎనిమిదేళ్లకి 66 మిలియన్లు. అంటే ఏడాదికి 8.25. నీలీ నోట్లోని 64ని ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా 8. తేడా ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు. ఆ కాస్త దగ్గర సీజన్ ముందు శిక్షణ క్యాంపంతా పోయింది, సీజన్ మొదటి ఆటలో ఫ్లోరిడా మీద వేరే గోలీ ఆడి 6-4తో ఓడిపోయారు. నీ నలుగురిలో ఒక్కడైనా టిష్యూ పేపర్ మీద ఈ భాగహారం చెయ్యడా? నేను చూసిన ప్రతి హాకీ అభిమానీ సగం అకౌంటెంటే. అదే టీమ్‌లో పాస్ట్రనాక్‌కి 11.25, మెకవోయ్‌కి 9.5, ఆ ఏడు టీమ్ మొత్తం జీతాలకి 88 మిలియన్ల పరిమితి, ఇవన్నీ నోటికి చెప్తారు. సొంత కరెంటు బిల్లు ఎంతో అడుగు, తెలియదు.

ఆ పైన, స్వేమన్‌కి మంటెందుకో నీ కథలో ఎక్కడా లేదు. ముందు ఏడాది, అంటే 2023 వేసవిలో, ఇదే కుర్రాడు జీతం తేల్చమని మధ్యవర్తి దగ్గరికి, అంటే ఆర్బిట్రేషన్‌కి వెళ్లాడు. అతను 48 లక్షల డాలర్లు అడిగాడు, టీమ్ 20 లక్షలు చాలంది, మధ్యవర్తి 34 లక్షల 75 వేలు ఇచ్చాడు. ఆ గదిలో ఏం జరుగుతుందో తెలుసా? ఎవరి కోసమైతే గోల్ ముందు నిలబడ్డాడో వాళ్లే బల్లకి అటు కూర్చుని, వీడు అంత విలువ చెయ్యడు అని కాగితాలు చూపిస్తారు, ఇతను వింటూ కూర్చోవాలి. ఆ అనుభవం తనకెంత చేదుగా ఉందో అతనే బయట చెప్పుకున్నాడు. 2024లో మళ్లీ ఆ గదికి వెళ్లలేదు. ఈలోగా టీమ్ ఏం చేసింది, అతని జోడీ గోలీ లైనస్ ఉల్‌మార్క్‌ని జూన్‌లో ఆటవా టీమ్‌కి పంపేసింది. గెలిచిన ప్రతిసారీ ఐస్ మీదే కావలించుకునేవారే, ఆ ఉల్‌మార్క్‌ని. ఇతనితో బేరం తెగకముందే రెండోవాణ్ణి పంపేసుకుంటే ఎవరి చెయ్యి పైన? మా వీధి చివర కూరగాయల బండివాడైనా ఇలాంటి పని చెయ్యడు. ఈ మాట నీ నలుగురిలో ఒకడు అనాలి, రెండోవాడు "ఒక సీజన్లో 44 ఆటలకి మించి ఎప్పుడైనా ఆడాడా వీడు" అని కొట్టాలి, మొదటివాడు "ప్లేఆఫ్స్‌లో .933, అంటే వెయ్యి షాట్లకి 933 ఆపడం, నీ కంటికి కనపడలేదా" అనాలి. ఇద్దరిదీ నిజమే. నీ కథలో ఒకడు మంచివాడు, ముగ్గురు మూర్ఖులు.

మా అబ్బాయి చిన్నప్పుడు గోలీగా ఆడేవాడులే, అందుకే ఇంత మాట్లాడుతున్నాను. పొద్దున్నే ఆరింటికి ఐస్. జాంబోనీ బండి తిరిగి ఐస్‌ని నున్నగా చేసి వెళ్లగానే వాడొచ్చి గోల్ ముందు నీలం రంగు జాగాలో స్కేట్లతో అటూ ఇటూ గీకుతూ నిలబడేవాడు, గీకకపోతే పట్టు దొరకదు, జారిపోతుంది. తక్కిన పిల్లలు తిరుగుతూ ఉంటే వీడొక్కడు చాకలి బండ మీద బట్ట రుద్దినట్టు ఆ తెల్లపొడి లేచేదాకా రుద్దుతూనే ఉండేవాడు. ఇంటికొచ్చాక ఆ గ్లోవ్ బేస్‌మెంట్లో ఆరేస్తే వచ్చే వాసనకి మా వారు పూజ పై అంతస్తుకి మార్చారు. ఎందుకు చెప్తున్నానంటే, నీ కథలో గోలీ గురించి ఆరు పేజీలు ఉన్నాయి, ఐస్ మీద అతని కాలు ఒక్కసారి కూడా కదల్లేదు.

కెన్ డ్రైడెన్ గురించి వినే ఉంటావు, మాంట్రియల్ గోలీ. 1973లో అతనికీ బేరం తెగలేదు. సీజన్ సీజనే మానేసి టొరంటోలో ఒక లా ఆఫీసులో పనికి కుదిరాడు. వారానికి 134 డాలర్లు. నాకు హాకీ అంటే ఏమిటో తెలియని రోజుల్లో, మంచులో కారు కదలక ఆగిపోతే, టో ట్రక్ నడిపే ముసలాయన దారి పొడుగునా చెప్పిన కథ ఇది. ఆ ఏడు మాంట్రియల్‌కి కప్పు రాలేదు, మనిషి తిరిగొచ్చాక 1976 నుంచి వరసగా నాలుగు గెలిచారు. నాకు ఆ కప్పుల సంఖ్య మొన్న మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది, 134 మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు. ఆ టో ట్రక్ ఆయన అప్పుడు "ఒక చిన్న ఉద్యోగం" అని ఉంటే నేను కిటికీలోంచి మంచు చూసుకుంటూ కూర్చునేదాన్ని.

ఇప్పుడు అసలు నన్ను మండించిన చోటు. అయిదో పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: నీ కథకుడు ఆ అరుపుల మధ్య టిఫిన్ డబ్బా మూత పెడుతూ, తను ఈ మూడేళ్లలో జీతం పెంచమని ఒక్కసారి కూడా అడగలేదని అనుకుంటాడు. అక్కడ నేను చదవడం ఆపి లేచి టీ పెట్టుకున్నాను. అంత బాగుంది. వెంటనే నువ్వు దాన్ని వదిలేసి మళ్లీ ద్వారరక్షకుడి దగ్గరికి పరిగెత్తావు. పనిచేసే కంపెనీ చేతిలో వీసా ఉన్నవాడు, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాల్సినవాడు, వేరే టీమ్ ఆఫర్ ఇచ్చినా పాత టీమ్ అంతే ఇచ్చి ఆపేసుకోగల ఒక ఆటగాడి గురించి వింటున్నాడు. ఆ ఆటగాడికి డిసెంబరు 1 గడువు, ఆలోగా సంతకం పెట్టకపోతే ఆ ఏడు ఆట లేదు. ఇద్దరికీ చాలా తేడా ఉంది, ఒకడికి మిలియన్లు, ఒకడికి హెచ్చార్ నుంచి వచ్చే ఈమెయిల్. కానీ ఆ నలుగురిలో ఎవరికీ అర్థం కాని సంగతి వీడికి అర్థమవుతుంది, వీడేమో నోరు విప్పడు. నువ్వు రాయాల్సింది వీణ్ణి. వీడి జీతమెంతో కథలో లేదు. నీకు తెలుసా అసలు? తెలియకపోతే ముందు అది తేల్చుకో.

ఇంకో గొడవ. ఆ నలుగురిలో గడ్డం ఉన్నాయన చేత "చూడండి, వీడికి డబ్బిచ్చాక వచ్చే ఏడాది మనం మునిగిపోతాం" అనిపించావు. మునిగారు నిజమే, స్వేమన్ 22 గెలిచి 29 ఓడాడు, సేవ్ పర్సెంటేజీ .892కి పడిపోయింది, కోచ్‌ని నవంబర్లోనే తీసేశారు, 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. అవన్నీ తెలిశాక కూర్చుని రాసి, ముందే తెలిసినట్టు ఒకడి నోట్లో పెట్టడం ఏం పద్ధతి? మరి అదే స్వేమన్ 2025 మేలో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా స్విట్జర్లాండ్ మీద అమెరికాని 1-0తో గెలిపించాడు, ఆ టోర్నమెంట్లో 1933 తర్వాత వాళ్లకదే మొదటి బంగారు పతకం. ఆ జోస్యం కూడా చెప్పించకపోయావా? సెప్టెంబరు 30 మధ్యాహ్నం క్యాంటీన్లో ఎవడికీ ఏమీ తెలియదు. తెలియకుండానే అంత గట్టిగా అరుస్తారు. తారీకు వేసి ఆ రోజులోనే ఉండు.

హాకీ మాటలకి చివర అర్థాలు ఇవ్వాలా అని అడిగావు. వద్దు. ఏ పత్రికకి పంపాలి, పుస్తకం ఎప్పుడు వెయ్యాలి, ఇంకా ఏవో అడిగావు, ఆ కాగితం ఎక్కడో పెట్టాను, దొరకలేదు. కవితలు కూడా పంపావు, వాటి గురించి ఇప్పుడు మాట్లాడుకోవద్దు.

తిరగరాసి పంపేటప్పుడు అక్షరాలు పెద్దవి చేసి ప్రింట్ తీసి పోస్టులో వెయ్యి, ఫోన్లో చదవలేను. వచ్చే నెల 12న కుడికంటికి శుక్లాల ఆపరేషన్, ఆ తర్వాత రెండు వారాలు చదువు బంద్, కాబట్టి ఈలోగా అయితే సరే, లేకపోతే ఉగాది దాటాక. ఆ టిఫిన్ డబ్బాలో ఏముందో కూడా రాయి.

ఇట్లు,
మీ ఆంటీ