కేప్‌ను అగ్రం అనకండి, మొన అనండి

సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేలను తెలుగులో ఏమంటారు, కేప్ అన్నా ద్వీపకల్పం అన్నా ఒకటేనా అని అడిగారు.

ఒకటి కాదు. ఇటలీ ద్వీపకల్పం, అంటే మూడు వైపులా నీళ్లున్న పెద్ద నేల. ఆఫ్రికాలోని గుడ్ హోప్ కేప్, అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొస. రెండూ మ్యాపులో ఒకసారి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అసలు జవాబు ఇక్కడితో అయిపోయింది. కానీ నాకు ఈ కేప్‌తో పాత పేచీ ఒకటుంది, అది చెప్పుకోనివ్వండి.

కొత్తగా అనువాదాలు చేస్తున్న రోజుల్లో, పాతకాలపు ఓడ ప్రయాణాల మీద ఒక పుస్తకం నా చేతికొచ్చింది. కేప్ అని కనబడ్డ చోటల్లా అగ్రం అని వేసుకుంటూ పోయాను, బళ్లో నేర్పిన మాటే కదా అని. కేప్ హార్న్ దగ్గరికి వచ్చేసరికి ఉత్సాహం ఎక్కువైంది. ఆఫ్రికా కొమ్ము అంటున్నాం, ఇదీ అలాంటిదేగా అనుకుని ‘కొమ్ము అగ్రం’ అని రాసిపారేశాను.

ప్రూఫులు దిద్దే మాస్టారు రిటైరైన తెలుగు పండితులు. ఆ పేజీ నా ముందు పెట్టి, ఎర్ర పెన్ను మూత కూడా తియ్యకుండా దాంతోనే ఆ మాట మీద తట్టారు.

“ఏం బాబూ, ఈ కొమ్ము ఏ జంతువుది?”

“మ్యాపులో కొమ్ములా ఉంటుంది కదా మాస్టారూ” అన్నాను. చూశానా అంటే చూడలేదు.

ఆయన బీరువాలోంచి అట్లాసు దింపారు. దక్షిణ అమెరికా పేజీ అడుగున చిరిగితే ఎవరో టేపు వేశారు. ఆ టేపు పసుపెక్కి సరిగ్గా ఖండం కొసనే కప్పేసింది. మాస్టారు గోటితో మెల్లగా టేపు లేపి, వంగి చూడమన్నారు. కొమ్మూ లేదు, తొండమూ లేదు. అసలది ఖండానికి అతుక్కున్న నేలే కాదు, దానికి కిందనున్న ఒక చిన్న దీవి. ఆ దీవి చివరే కేప్ హార్న్. 1616లో అటుగా వెళ్లిన డచ్చివాళ్లు తమ ఊరు హోర్న్ పేరు దానికి పెట్టుకున్నారు. ఈ సంగతి ఆ పుస్తకంలోనే నలభై పేజీల ముందు ఉంది. దాన్ని అనువదించిందీ నేనే!

“సరే, కొమ్ము కొట్టేద్దాం. మరి ఈ అగ్రం ఏంటి? పర్వతాగ్రం అంటే ఎక్కాలి. ఓడవాళ్లు దీన్నెక్కుతారా?”

“మరి ఏమనాలండీ?”

ఇప్పుడు మూత తీసి, పెన్ను కొస నా వైపు తిప్పారు. “దీన్నేమంటావు?”

“మొన.”

“నేలకు ఉండకూడదా?”

ఆ రోజు నుంచి నాది మొన పార్టీ. తమిళులు కుమరిమునై అంటారు, ఆ మునై మన మొనకు చెల్లెలే. అరబ్బులు రాస్ అంటారు, అంటే తల. కేప్ అనే మాట పుట్టిందీ తలకు లాటిన్లో ఉన్న పేరులోంచే. రష్యావాళ్లు కానిన్ నోస్ లాంటి పేర్లలో ముక్కు అన్నారు. పోర్చుగీసువాళ్లు అగుల్యాస్ అన్నారు, అంటే సూదులు. ఎవరి ఒంట్లో మాటో ఇంట్లో మాటో వాళ్లు తీసి వాడుకున్నారు. మనకు మాత్రం గంభీరంగా వినబడకపోతే భూగోళశాస్త్రం అనిపించదు.

అగుల్యాస్ అంటే గుర్తొచ్చింది. ఆఫ్రికాకు దక్షిణపు కొస గుడ్ హోప్ అని ఇప్పటికీ చాలామంది చెబుతారు. కాదు, అగుల్యాస్. గుడ్ హోప్‌కు ఆగ్నేయంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1488లో పోర్చుగీసు నావికుడు డయాస్ చుట్టి వచ్చిన దారిలో ఉంది కాబట్టి గుడ్ హోప్‌కు పేరొచ్చింది గానీ అన్నిటికన్నా దక్షిణాన ఉన్నందుకు కాదు. ఒక క్విజ్‌లో నేను అగుల్యాస్ అంటే తప్పన్నారు. ఆ కప్పు ఇప్పుడు ఎవరింట్లో ఉందో కూడా నాకు తెలుసు.

అంతరీపం అనొచ్చుగా అని హిందీ తెలిసినవాళ్లు అడుగుతారు. అమరకోశం తియ్యండి, అంతరీపమన్నా ద్వీపమన్నా నీళ్ల మధ్య నేలే. హిందీవాళ్లు దాన్ని కేప్ చేసుకున్నారు, వాళ్లిష్టం. మనం తెచ్చుకుంటే పిల్లలకు దీవికీ కేప్‌కూ మధ్య ఇంకో తికమక.

ద్వీపకల్పం జోలికి మాత్రం నేను పోను. అందులో కల్పం యుగాల లెక్క కాదు, ‘దాదాపు’ అని. మృతకల్పుడంటే ఇంచుమించు పోయినవాడు, ద్వీపకల్పం అంటే దీవి కావడం కాస్తలో తప్పిపోయిన నేల. లాటిన్ పెనిన్సులాకు కూడా అచ్చంగా ఇదే అర్థం. ఇంత బాగా కుదిరిన మాటను కదపడమెందుకు?

ఇంతకీ ఆ పుస్తకం సంగతి. మాస్టారూ నేనూ కూర్చుని అగ్రాలన్నీ మొనలు చేశాం. ప్రచురణకర్తేమో పాఠకులకు అర్థం కాదని మమ్మల్ని అడక్కుండానే మళ్లీ అగ్రాలు చేసేశారు. ఒక్కచోట మాత్రం వాళ్ల కన్నుగప్పి మిగిలిపోయింది: “మొన దాటగానే గాలి తిరిగింది.” అచ్చైన కాపీ రాగానే మాస్టారు ఆ పేజీ చెవి మడిచి నాకిచ్చారు.