చమురు బావి నీళ్లు, కొల్లేటి కిక్కిస

“చమురు బావుల నుంచి వచ్చే మురికి నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడతారని అంటారు. నిజంగా జరుగుతుందా, కంపెనీల ప్రచారమేనా?” అని అడిగారు.

జరుగుతుంది. ఆ నీళ్ల మధ్యే ఆరేళ్లు పని చేశాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

మాది కొల్లేటి ఒడ్డున ఒక ఊరు. దక్షిణ ఒమన్ ఎడారిలో నిమ్ర్ అనే చమురు క్షేత్రానికి ఆపరేటర్‌గా వెళ్లాను. అక్కడ ఒక బ్యారెల్ చమురు తీస్తే దాదాపు పది బ్యారెళ్ల నీళ్లు వెంట వస్తాయి. ఒకప్పుడు ఆ నీళ్లను పెద్ద పంపులతో భూమి లోతుకు తోసేవారు. దానికయ్యే కరెంటు అంతా ఇంతా కాదు.

మొదటి రోజు బండి దిగేసరికి ఎదురుగా కనుచూపు మేర పచ్చదనం. దగ్గరికి వెళ్లి చూస్తే కిక్కిస! మన కొల్లేటి కిక్కిసకు దాయాది, తలకు మించిన ఎత్తు, గాలికి అదే గరగర. వెంటనే నాన్నకు వీడియో కాల్ చేశాను. “ఒరే, ఇది పీకించడానికి మనం కూలి ఇస్తుంటే, వాళ్లు డబ్బు పెట్టి నాటించారా?” అన్నాడు.

నాటించారు, వందల హెక్టార్లలో. 2010 చివర్లో మొదలై, మొదట రోజుకు 45 వేల ఘనపు మీటర్ల నీళ్లు, తర్వాత లక్ష దాటాయి. ముందు చమురును వీలైనంత విడదీస్తారు. మిగిలిన నీళ్లు మన వరి చేలో లాగా మడి నుంచి మడికి వాలులో పారతాయి. పంపు అక్కర్లేదు. మొదటి మడి దగ్గర సీసా నింపితే గోధుమ రంగు, పైన తెట్టు, చేతికి జిడ్డు. చివరి మడి నీళ్లు పట్టిన సీసాలోంచి చూస్తే వెనకవైపు అంటించిన లేబుల్ అక్షరాలు చదవొచ్చు. అదంతా వేళ్లను పట్టుకుని బతికే బ్యాక్టీరియా పని. చమురును తినేది అదే, మొక్క దానికి ఇల్లు.

కానీ కిక్కిస ఉప్పును తీయదు. అందుకే చివరికి చాలా నీళ్లు ఎండబెట్టే చెరువుల్లోకి పోయి ఆవిరవుతాయి. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ “తాగొచ్చా?” అని అడుగుతారు, నాకు ఆ ప్రశ్న వింటేనే విసుగు. ఏ నీళ్లలో ఎంత ఉప్పుందో చూడకుండా ‘తిరిగి వాడకం’ అనకూడదు. కాలిఫోర్నియాలో కెర్న్ నది చమురు క్షేత్రం నీళ్లలో ఉప్పు తక్కువ, కాబట్టి తోటలకు పారిస్తున్నారు. టెక్సాస్‌లోని పర్మియన్ అనే చమురు ప్రాంతం నీళ్లలో సముద్రానికి మూడు రెట్ల పైన ఉప్పు, వాటిని మళ్లీ బావుల్లో ఫ్రాకింగ్‌కే, అంటే నీళ్లను గట్టిగా తోసి లోపలి రాతిని పగలగొట్టి చమురు తీయడానికే, వాడుకోవాలి. నా లెక్కలో అదే సరైన పని, ఎందుకంటే అంత మేర మంచినీళ్లు మిగులుతాయి.

దానికీ శ్రద్ధ కావాలి. అంతకుముందు నేను పని చేసిన చోట నీళ్లను తిరిగి బావిలోకి ఎక్కించే స్టేషన్‌లో ఖర్చు మిగులుతుందని ఫిల్టర్లు మార్చడం వాయిదా వేశారు. సన్నటి నలక లోపలికి పోయి అడుగున ఉన్న రాతి రంధ్రాలు మూసుకుపోయాయి, ప్రెషర్ రోజురోజుకీ పెరిగింది. నెల రోజులు రాత్రిళ్లు టెన్షన్‌తో గేజ్ ముందు కూర్చున్నాం. లాగ్‌బుక్‌లో నేను రాసిన రీడింగ్ ఎవరూ చదవలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. చమురు చుక్క పోతే మీటింగ్ పెడతారు. నీళ్లు పోతే అడిగే నాథుడు లేడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఊళ్ల మురుగూ, చేపల చెరువుల నీళ్లూ అన్నీ కొల్లేటికే వస్తాయి. ఆ మురికిని ఊరికే కడిగిపెట్టే కిక్కిసను మనం చెరువుల కోసం నరికేశాం. నిమ్ర్‌లో ఆ మొక్క ఒక మడిలో పసుపు రంగు తిరిగితే ఇంజనీర్లు పరిగెత్తుకొచ్చేవాళ్లు. పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు నాన్నతో చెప్పి మా గట్టు మీద మిగిలిన దుబ్బును పీకనివ్వలేదు.