ఒక కన్ను చూపు పోయిన డ్రైవర్: విరమణ వద్దు, వేరే పోస్టు అడగండి

అన్నా, నల్లగొండలో ప్రభుత్వ కార్పొరేషన్ బస్సు నడిపే మీ బావకు షుగర్‌తో ఒక కన్ను చూపు పోయిందని, స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారని రాశారు. ముందు ఆ సంతకం పెట్టనియ్యకండి. తనే వెళ్లిపోతానని రాసిచ్చాక హక్కు నిలబెట్టుకోవడం చాలా కష్టం.

2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) చూడండి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే వేతన స్కేలులో వేరే పోస్టు ఇవ్వాలి. ఖాళీ లేకుంటే అదనపు పోస్టు సృష్టించి, తగిన పోస్టు దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా అందులో ఉంచాలి.

చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే: రెండో కన్ను బాగుంటే వైకల్య సర్టిఫికెట్‌లో 30 శాతమే వస్తుంది, "40 లేదు కదా" అని తిప్పి పంపుతారు. 40 శాతం షరతు రిజర్వేషన్లకు. ఈ సెక్షన్‌లో ఆ మాటే లేదు.

బస్సు నడపడానికి పనికిరాడని డాక్టర్లు రాసిన అన్‌ఫిట్ రిపోర్టు నకలు తీసుకుని, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో ఆ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. వేరే పోస్టు కోరే అర్జీలో "అదే వేతన స్కేలు, సర్వీసు ప్రయోజనాలతో" అన్న మాటలు తప్పకుండా ఉండాలి. రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ఈలోపు సెలవు చీటీ ఇవ్వకుండా ఇంట్లో కూర్చుంటే గైర్హాజరు కింద చార్జిషీటు ఇస్తారు, జర జాగ్రత్త. కదలిక లేకుంటే సెక్షన్ 23 కింద ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి, రెండు వారాల్లో విచారించాలి. అక్కడా తేలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు.