నాన్నగారికి షుగర్ ఉంటే, నాకు ఏ లక్షణమూ లేకపోయినా పరీక్ష అవసరమా?

మీ వయసు 38 అని, మీ నాన్నగారికి షుగర్ ఉందని, కూర్చుని చేసే ఉద్యోగమే అయినా మీకు ఏ ఇబ్బందీ లేదని రాశారు. ఇబ్బంది కనిపించేదాకా ఆగి నష్టపోయినవాణ్ణి కనుక ఈ సమాధానం రాస్తున్నాను.

నాకు 44వ ఏట మధుమేహం బయటపడింది. ఆ వేసవంతా విపరీతంగా దాహం వేసేది. విశాఖ ఉక్కపోతలో, గాజువాక నుంచి కిక్కిరిసిన బస్సులో ఇంటికి చేరేవాడికి దాహం వేయడంలో వింతేముంది అనుకున్నాను. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడాన్ని తాగిన నీళ్ల ఖాతాలోనే వేశాను. అంతకు రెండేళ్ల ముందు నుంచే మెడ వెనుక చర్మం నల్లబడి, మందమై, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా తగిలేది. మా ఆవిడ దాన్ని మురికి అనుకుని ప్రతి ఆదివారం సున్నిపిండితో రుద్దేది. ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించక, రక్తంలో దాని మోతాదు పెరిగినప్పుడు చర్మం అలా మారుతుందని తరువాత డాక్టరుగారు చెప్పారు. చూపు మసకబారితే కళ్లద్దాలు మార్చాను. షుగర్ అదుపులోకి వచ్చాక ఆ కొత్త అద్దాలు పనికిరాకుండా పోయాయి. చక్కెర హెచ్చుతగ్గులకు కంటి కటకం కూడా మారుతుందని తెలిసేసరికి డబ్బు దండగైంది.

బీచ్ రోడ్డులో ఉదయం నడకకు వచ్చేవారికి వేలు పొడిచి చూసే శిబిరంలో నాకు షుగర్ 168 వచ్చింది. టిఫిన్ తిన్నాక చూశారు కదా, జబ్బుగా లెక్కించే 200 దాటలేదు కదా అని ఊరుకున్నాను. ఆ అంకె దాటకపోతే జబ్బు లేనట్టు కాదు. కొన్ని నెలల తరువాత చేయించిన హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 8.1 ఉంది.

చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ రూపొందించిన మార్కుల పద్ధతి ఒకటి ఉంది. దాని ప్రకారం మీ వయసుకు 20, తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉన్నందుకు 10, వ్యాయామమూ లేకపోతే మరో 30; ఇక్కడికే 60 అయింది, 60 వస్తే ముప్పు ఎక్కువని లెక్క. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు చేరితే ఇంకా పెరుగుతుంది. కొలత ప్యాంటు బెల్టు దగ్గర కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ తీసుకోవాలి.

రాత్రి భోజనం తరువాత ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ల్యాబులో రక్తం ఇవ్వండి. పరగడుపున 100 నుంచి 125 మధ్య గానీ, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య గానీ ఉంటే మధుమేహానికి ముందుదశ; బరువు తగ్గించి, రోజూ నడిస్తే చాలామంది అక్కడే ఆగగలరు. 126 గానీ 6.5 గానీ చేరితే, లక్షణాలు లేనప్పుడు మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుదోవ పట్టించవచ్చు కనుక ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. మీ అక్కచెల్లెళ్లలో ఎవరికైనా గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తరువాత తగ్గిపోయి ఉంటే, తరువాత షుగర్ వచ్చే ముప్పు ఆమెకూ ఎక్కువే కనుక పరీక్షకు ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి.