అడ్డంగా పడుకున్న ట్యాంకులో మేపుల్ రసం ఎంత ఉందో కర్రతో కొలవొచ్చా?

అమెరికాలోని వెర్మాంట్, కెనడాలోని క్యూబెక్ వైపు మేపుల్ రసం (మేపుల్ చెట్టు నుంచి కారే, మరిగిస్తే సిరప్ అయ్యే రసం) నిలవ చేసే ట్యాంకు అడ్డంగా పడుకున్న డ్రమ్ములా ఉంటే, కర్ర ముంచి తడి చూసి లీటర్లు చెప్పొచ్చా అన్నది ప్రశ్న. చెప్పొచ్చు, కానీ పావు ఎత్తు అంటే పావు ట్యాంకు కాదు. అడుగు ఇరుకు, నడుము వెడల్పు కదా, అందుకే మీటరు వ్యాసం, 2 మీటర్ల పొడవున్న ట్యాంకులో (మొత్తం సుమారు 1,570 లీటర్లు) 25 సెంటీమీటర్ల ఎత్తుకి మనం అనుకునే 390 కాదు, దాదాపు 307 లీటర్లే ఉంటాయి. సగం ఎత్తు దగ్గర మాత్రం సరిగ్గా సగమే. లీటరు సిరప్‌కి 40 లీటర్ల దాకా రసం మరిగించాలి కాబట్టి ఈ తేడా అంటే రెండు లీటర్ల సిరప్ పోయినట్టే.

సూత్రాలు తలనొప్పి అనిపిస్తే ఖాళీ ట్యాంకులో 20 లీటర్ల బకెట్‌తో నీళ్లు పోస్తూ, పోసినప్పుడల్లా కర్ర మీద గీత పెట్టుకోండి. చేతులు లాగుతాయి, కానీ ఒక్కసారి చేస్తే చాలు, ట్యాంకును కదపనంత వరకు.

బయట పారదర్శక గొట్టం పెట్టుకుంటే మూత తీయక్కర్లేదు, కాకపోతే రసం తీసే సీజన్‌లో రాత్రిళ్లు చలికి అది గడ్డకడుతుంది. ట్యాంకులో మంచు పలక తేలుతుంటే టెన్షన్ వద్దు, స్వేచ్ఛగా తేలే మంచు కరిగినా మట్టం దాదాపు మారదు.